చీటీ మీద "అంతరిక్షానికి వెళ్లి వచ్చినది" అని ఉంది: మా బడిలోని బ్యాడ్జి గురించి సలహా కావాలి

పెన్న ఒడ్డు (తాడిపత్రి) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను తాడిపత్రికి దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. మా బడిలో చాలా ఏళ్ల కిందట పనిచేసిన ఒక సైన్సు సారు, ప్రయోగశాల పక్కనున్న చిన్న గదిని ప్రదర్శనశాలగా మార్చి, రకరకాల రాళ్లు, పాత నాణేలు, తాటాకుల కట్ట ఒకటి, పనిచేయని టెలిగ్రాఫు యంత్రం ఒకటి చేర్చి పెట్టారు. ఆయన పదవీ విరమణ చేసిన కొన్నేళ్లకు కాలం చేశారు. ఆ గది తాళంచెవి నా చేతికి వచ్చి రెండేళ్లయింది. ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవం నాటికి గదిని శుభ్రం చేసి పిల్లలకు మళ్లీ తెరవాలని సంకల్పించాము.

నా సందేహమంతా అద్దాల బీరువాలోని ఒక వస్తువు గురించి. అది బొటనవేలి గోరుకు రెట్టింపు పరిమాణంలో ఉన్న లోహపు బ్యాడ్జి. చేతిలోకి తీసుకుంటే ఉందా లేదా అన్నంత తేలికగా ఉంటుంది. దాని మీద ఎరుపు, నీలం రంగులు, మన జెండా, సోవియట్ జెండా, ఒక అంతరిక్ష నౌక బొమ్మ, చుట్టూ రష్యన్ అక్షరాలు ఉన్నాయి. వెనుక పిన్నీసు లాంటి సూది ఉంది. దానితోపాటు 1984 ఏప్రిల్ 3 నాటి తపాలా ముద్ర పడిన ఒక కవరు, దాని మీద మూడు రూపాయల తపాలా బిళ్ల ఉన్నాయి. రెండింటి ముందు ఒక అట్టముక్క మీద "రాకేశ్ శర్మతో అంతరిక్షానికి వెళ్లి వచ్చినది" అని నీలి సిరాతో రాసి ఉంది.

మొన్న గది తుడుస్తున్నప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఆ చీటీని చదివి, "సార్, ఇది నిజంగా పైకి పోయి వచ్చిందా? పోయి వస్తే మన బడికి ఎట్లా వచ్చింది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ ప్రశ్న న్యాయమైనదని మాత్రం అనిపించింది. నిజంగా యాత్రలో వెళ్లి వచ్చిన వస్తువైతే అది మా బీరువాలో గుండుసూదుల డబ్బా పక్కన ఉండవలసినది కాదు. కాకపోతే, ఇన్నేళ్లుగా పిల్లలకు ఒక అబద్ధం చూపిస్తున్నామని అర్థం. అయితే ఆ చీటీని తీసివేయడానికి చేయి రావడం లేదు. ఆ సారు పాఠం విన్నవాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఎంతోమంది ఉన్నారు, వాళ్లందరికీ ఆయన మీద ఎంతో గౌరవం ఉంది.

ఈ బ్యాడ్జి ఏమిటో తేల్చుకునే దారి ఏమైనా ఉంటే చెప్పగలరు. చీటీని ఏం చేయాలో, ఈ రెండు వస్తువులను మా ఎండలకు, దుమ్ముకు పాడవకుండా ఎలా ఉంచాలో కూడా తెలిసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.


తుంగభద్ర తపాలా (కర్నూలు) ఇచ్చిన సమాధానం:

నేను ముప్పై ఏళ్లుగా తపాలా బిళ్లలు, అంతరిక్షానికి సంబంధించిన బ్యాడ్జీలు సేకరిస్తున్నాను. మీరు వర్ణించిన దానిని బట్టి అది సోవియట్ స్మారక బ్యాడ్జి. రష్యన్‌లో వీటిని "జ్నచోక్" అంటారు. స్పుత్నిక్ మొదలుకొని ప్రతి అంతరిక్ష విజయానికీ ఆ దేశంలో ఇటువంటివి లెక్కలేనన్ని తయారుచేసి, దుకాణాలలో నాణెపు చిల్లరకు అమ్మేవారు. పిల్లలూ పెద్దలూ కోటుకు తగిలించుకునేవారు, ఒకరితో ఒకరు మార్చుకునేవారు, ఇతర దేశాల నుంచి వచ్చిన అతిథులకు బహుమతిగా ఇచ్చేవారు. ఎక్కువ భాగం పలుచని అల్యూమినియంతో చేసి రంగు పూసినవి. ఇత్తడి మీద మీనాకారీ చేసిన బరువైన రకాలూ ఉన్నాయి కానీ, మీది అంత తేలికగా ఉందంటే అల్యూమినియమే అయి ఉండాలి.

మీరే చేయగలిగిన పరీక్ష ఒకటి ఉంది. మీ ఊళ్లో నగలు చేసే ఆచారి ఎవరైనా ఉంటే ఆయన కంటికి పెట్టుకునే భూతద్దం అడిగి తీసుకుని, బ్యాడ్జి వెనుక భాగాన్ని పక్కనుంచి పడే వెలుతురులో చూడండి. తయారుచేసిన కర్మాగారం ముద్ర ఒకటి చిన్నగా కనిపించవచ్చు. దాని పక్కన, ఇంగ్లీషు యు అక్షరాన్ని పలకల మూలలతో రాసి కుడివైపు కింద చిన్న తోక తగిలించినట్టుండే ఒక అక్షరం, తరువాత ఒక అంకె, ఆ తరువాత కె అక్షరం ఉన్నాయేమో చూడండి. ఆ తోక అక్షరం "ధర" అనే మాటకు పొడి అక్షరం, కె అంటే కోపెక్కులు, మన పైసల వంటి రష్యన్ చిల్లర. అది ఉంటే ఆ వస్తువు దుకాణంలో అమ్మడానికే పుట్టిందని నిశ్చయంగా చెప్పవచ్చు. ధర ముద్ర లేనంత మాత్రాన యాత్రలో వెళ్లిందని అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ముద్ర లేని స్మారక బ్యాడ్జీలు కూడా చాలా ఉన్నాయి.

ముందువైపు అక్షరాలను చదవడం పిల్లలకు కూడా సరదాగా ఉంటుంది. ఇంగ్లీషులో సి సి సి పి లాగా కనిపించేది నిజానికి "ఎస్ ఎస్ ఎస్ ఆర్", అంటే సోవియట్ యూనియన్ పేరు. రష్యన్‌లో సి ఆకారానికి "స" శబ్దం, పి ఆకారానికి "ర" శబ్దం. ఎన్ అక్షరాన్ని తిప్పి రాసినట్టు ఉండేది "ఇ", ఆర్ అక్షరాన్ని తిప్పి రాసినట్టు ఉండేది "య". వీటితోపాటు హెచ్ ఆకారానికి "న" శబ్దమనీ, కింద రెండు చిన్న కాళ్లతో ఇంటి బొమ్మలా ఉండేది "ద" అనీ తెలిస్తే "ఇందియా" అన్న మాటను మీ ఎనిమిదో తరగతి అమ్మాయే కూడబలుక్కుని చదవగలదు. "ఇంటర్‌కాస్మోస్" అని కూడా ఉండే అవకాశం ఉంది. మిత్రదేశాల వ్యోమగాములను సోవియట్ నౌకలలో తీసుకువెళ్లిన కార్యక్రమం అది. 1978లో చెకోస్లొవేకియాకు చెందిన వ్లదీమిర్ రెమెక్‌తో మొదలై, పోలండ్, వియత్నాం, క్యూబా, మంగోలియా వంటి దేశాల తరువాత 1984లో మన వంతు వచ్చింది. ప్రతి దేశపు యాత్రకూ ఇలాగే రెండు జెండాలతో బ్యాడ్జీలు వేశారు. నా దగ్గర మంగోలియాది, క్యూబాది ఉన్నాయి. చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి.

కవరు విషయంలో సందేహానికి తావే లేదు. ఆ మూడు రూపాయల బిళ్లను మన తపాలా శాఖ భారత సోవియట్ సంయుక్త అంతరిక్ష యాత్ర సందర్భంగా 1984 ఏప్రిల్ 3నే విడుదల చేసింది. రాకేశ్ శర్మ, యూరీ మాలిషెవ్, గెన్నడీ స్ట్రెకలోవ్‌లతో సోయుజ్ టీ-11 నౌక కజకిస్తాన్‌లోని బైకనూర్ ప్రయోగ కేంద్రం నుంచి లేచింది కూడా అదే రోజు, మన కాలమానం ప్రకారం సాయంత్రం ఆరున్నర దాటాక. ముద్రలో ఊరి పేరు చదవండి. అది మన దేశపు తపాలా కార్యాలయమైతే, ఆ రోజు ఇక్కడ ముద్ర వేయించుకున్న కవరు అదే సాయంత్రం కజకిస్తాన్‌లోని నౌకలో ఉండడం సాధ్యం కాదు. అది చక్కని మొదటిరోజు కవరు, అంతే.

ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. సేకరణదారులలో "స్మారకంగా చేసినది", "యాత్రలో వెళ్లినది" అనే రెండు మాటల మధ్య భూమికీ ఆకాశానికీ ఉన్నంత దూరం ఉంది. వెళ్లినదని నమ్మాలంటే వస్తువుతోపాటు కాగితం ఉండాలి, అంటే సిబ్బంది సంతకంతో ధ్రువపత్రమో, నౌకలో ఎక్కించిన వస్తువుల జాబితాలో పేరో ఉండాలి. అమెరికాలో అపోలో 7 నుంచి వ్యోమగాముల కోసం రాబిన్స్ అనే సంస్థ వెండి పతకాలు చేసింది. వాటి వెనుక వరుస సంఖ్య ఉంటుంది కాబట్టి ఏ పతకం ఎవరితో వెళ్లిందో తెలుసుకోవచ్చు. దీనికి ఎదురుగా 1971 నాటి అపోలో 15 సంగతి చూడండి. ఆ సిబ్బంది అనుమతి లేకుండా 398 కవర్లను చంద్రుని దాకా తీసుకువెళ్లినట్టు తరువాత బయటపడి, ముగ్గురూ మందలింపుకు గురయ్యారు. అవి నిజంగా వెళ్లినవే, అయినా జాబితాలో లేనందుకు అంత గొడవ జరిగింది. జాబితాలో లేని వస్తువు గురించి మన చీటీ మాత్రం అంత సులభంగా ఎలా చెప్పగలదు?


గండికోట (కడప) ఇచ్చిన సమాధానం:

పై సభ్యులు చెప్పిన దానితో ఏకీభవిస్తున్నాను. నేను కొంతకాలం ఒక ప్రదర్శనశాలలో వస్తువుల పట్టిక రాసే పని చేశాను కనుక చీటీ గురించి, భద్రత గురించి రాస్తాను.

చీటీని దయచేసి పారవేయకండి. ఆ చీటీ కూడా ఇప్పుడు మీ సేకరణలో భాగమే. బ్యాడ్జికి ఒక సంఖ్య ఇచ్చినట్టే దానికీ ఒక సంఖ్య ఇచ్చి, ఎప్పుడు ఎక్కడ దొరికిందో రాసి విడిగా భద్రపరచండి. ప్రదర్శనలో మాత్రం దాని స్థానంలో కొత్త చీటీ రావాలి. మా కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ ప్రదర్శనశాలలో చుట్టుపక్కల ఊళ్ల నుంచి చేర్చిన రాతి శిల్పాల ముందు నిలబడినప్పుడల్లా నేను మొదట వెతికేది ఆ విగ్రహం ఏ ఊరిది అన్న మాటనే. ఊరి పేరు పోతే శిల్పం పోయినంత పని. మీ బ్యాడ్జికి ఆ సారు కథే ఊరు. ఆయన దానిని ఎక్కడ సంపాదించారో, ఎవరిచ్చారో తెలిస్తే, దుకాణంలో కొన్న వస్తువే అయినా దానికి విలువ వస్తుంది. మీ బడి స్టాక్ రిజిస్టర్లలో పాతవి వెతకండి. ఆయన శిష్యులను అడిగి, వారు చెప్పినది తేదీతో సహా రాసుకోండి.

నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక సంగతి మీకు ధైర్యం ఇస్తుందని చెబుతున్నాను. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో చంద్రశిల అనే పేరుతో ఒక రాయి ఉండేది. 1969లో అపోలో 11 వ్యోమగాములు ఆ దేశానికి వచ్చిన సందర్భంలో అమెరికా రాయబారి దానిని మాజీ ప్రధాని విల్లెమ్ డ్రీస్‌కు ఇచ్చారు. 1988లో డ్రీస్ మరణించాక అది మ్యూజియానికి చేరింది. 2009లో పరీక్షించి చూస్తే అది శిలగా మారిన చెట్టు ముక్క అని తేలింది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది దాని వెంట ఉన్న ఫలకం. అందులో వ్యోమగాముల పర్యటనకు గుర్తుగా ఇచ్చినదని మాత్రమే ఉంది, చంద్రుని మీదిదని ఎక్కడా లేదు. ఆ మాటను తరువాతివాళ్లు నమ్మకంతో కలుపుకున్నారు. అంత పెద్ద మ్యూజియం కూడా ఆ సంగతిని దాచిపెట్టలేదు, రాయిని పారవేయలేదు, ఒక వింత వస్తువుగా ఉంచుకుంది. మీ విషయంలో కూడా పొరపాటు చీటీలోనే ఉంది. బ్యాడ్జి నకిలీది కాదు, 1984 నాటి యాత్రకు సాక్షాత్తు ఆ కాలపు గుర్తు. ఈ తేడాను ఆ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. లేకపోతే "మన బడిలో ఉన్నది ఉత్తదంట" అనే మాట మిగిలిపోతుంది.

ఇక భద్రత. మెరుపు తెప్పిద్దామని చింతపండుతోనో విభూదితోనో ఎవరూ తోమకుండా చూడండి. రాగి చెంబుకు పనికివచ్చేది పలుచని రంగు పూసిన అల్యూమినియానికి చావుదెబ్బ. ఒక్కసారి తోమితే జెండా రంగులు మళ్లీ రావు. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. చేతి చెమట తగలకుండా అంచులు పట్టుకుని తీయాలి. రబ్బరు బ్యాండు, సెల్లోటేపు, జిగురు, కొన్నేళ్లకు జిగటగా మారే మెత్తని ప్లాస్టిక్ సంచి, ఈ నాలుగూ దగ్గరికి రాకూడదు. కర్ర బీరువా నుంచి, ముఖ్యంగా కొత్త చెక్క, ప్లైవుడ్‌ల నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి లోహాన్నీ కాగితాన్నీ మెల్లగా తింటుంది కనుక, వస్తువులను నేరుగా చెక్క మీద పెట్టకుండా ఆమ్లం లేని అట్ట మీద పెట్టండి. కవరును ఆమ్లం లేని కాగితంలోనో గట్టి పాలిస్టర్ తొడుగులోనో పడుకోబెట్టి ఉంచండి. మన దగ్గర వేసవిలో నలభై డిగ్రీలు దాటే వేడికి కాగితం పెళుసెక్కుతుంది, వానాకాలపు తేమకు బిళ్ల వెనుక జిగురు కరిగి అంటుకుంటుంది. ఎండపడే కిటికీకి ఎదురుగా బీరువా ఉంటే ముందు దానిని జరపండి. కాగితానికి 50 లక్స్‌కు మించి వెలుతురు వద్దని మ్యూజియాలలో పాటించే నియమం. మామూలు బడి గదిలో పగటి వెలుతురు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అందుచేత కవరు రంగుల నకలును ప్రదర్శనకు పెట్టి, అసలుదాన్ని ఆగస్టు 23 వంటి రోజులలో మాత్రమే బయటకు తీయండి. నకలు అని దాని కింద రాయడం మరవకండి.


ఎర్రమల (అనంతపురం) ఇచ్చిన సమాధానం:

1984లో నేను డిగ్రీ చదువుతున్నాను. మా ఊళ్లో అప్పటికి టీవీ లేదు. రాకేశ్ శర్మను ఇందిరా గాంధీ గారు అక్కడి నుంచి భారతదేశం ఎలా కనిపిస్తోందని అడిగారనీ, ఆయన "సారే జహాఁ సే అచ్ఛా" అన్నారనీ రేడియోలో విని, మరునాడు పత్రికలో చదివి, ఒళ్లు పులకరించి తిరిగినవాళ్లలో నేనొకడిని. అప్పట్లో సోవియట్ పుస్తకాలు మాకు బాగా దొరికేవి. విశాలాంధ్రవాళ్లు అమ్మే ఆ పుస్తకాల నున్నని కాగితం వాసన ఇప్పటికీ గుర్తుంది. "సోవియట్ భూమి" పత్రిక తెప్పించుకునే ఇళ్లూ ఉండేవి, దాని కాగితాలతో పిల్లలు పుస్తకాలకు అట్టలు వేసుకునేవారు. పుస్తక ప్రదర్శనకు వెళితే బ్యాడ్జి దొరికేది. నాకూ ఒకటి, గగారిన్‌ది, ఉండేది. చొక్కా జేబుకు పెట్టుకుని కాలేజీకి పోయేవాడిని. అది ఎక్కడ పోయిందో తెలియదు. కనుక ఆ సారుకు కూడా అటువంటి చోటే దొరికి ఉంటుందని నేను అనుకుంటున్నాను.

కానీ చీటీ రాసిన మనిషిని అబద్ధమాడినట్టు చూపించే కొత్త చీటీ మాత్రం రాయవద్దని మనవి. మన భాషలో ఒక చిక్కు ఉంది. "రాకేశ్ శర్మ అంతరిక్షానికి వెళ్లి వచ్చినందుకు గుర్తు" అనే వాక్యం ఇరుకు అట్టముక్క మీద కుదించేసరికి "వెళ్లి వచ్చినది" అయి ఉండవచ్చు. వెళ్లి వచ్చింది ఎవరో చెప్పకుండానే మన వాక్యం నడిచిపోతుంది కదా. ఒకరు చెప్పగా ఇంకొకరు రాసుకున్నా ఇటువంటి మార్పు జరుగుతుంది. గండికోట గారన్నట్టు రిజిస్టర్ వెతికేటప్పుడు చేతిరాతను కూడా పోల్చి చూడండి.


పెన్న ఒడ్డు (తాడిపత్రి):

అందరికీ కృతజ్ఞతలు. వారం రోజులు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. రిజిస్టర్లు ఉన్న గదిలో చెదలు పట్టిన కట్టలు విప్పడానికే నాలుగు రోజులు పట్టింది.

ఆచారి గారి భూతద్దంతో చూశాము. కర్మాగారం ముద్ర అరిగిపోయింది కానీ తోక అక్షరం, పక్కన అంకె, కె స్పష్టంగా ఉన్నాయి. దానిని మొదట కనిపెట్టింది ప్రశ్న అడిగిన అమ్మాయే. "ఇందియా" కూడా తనే చదివింది. కవరు మీద ముద్ర హైదరాబాదుది. ఎర్రమల గారి ఊహకు నేను ప్రత్యేకంగా నమస్కరించాలి. పాత స్టాక్ రిజిస్టర్‌లో, తాటాకుల కట్ట, నాణేల తరువాత, "రష్యా స్మారక బ్యాడ్జి 1, కవరు 1, పుస్తక ప్రదర్శనలో కొన్నవి, సొంత ఖర్చు" అని ఉంది. కింద సారు సంతకం ఉంది. ఆ అక్షరాలు సన్నగా, కుడివైపుకు వాలి ఉన్నాయి. చీటీ మీదివి గుండ్రంగా, విడివిడిగా, పిల్లల రాతలా ఉన్నాయి. ఆయన చెప్పగా ఏ విద్యార్థో ముచ్చటపడి రాసి ఉండాలి. ఆయన రాసినది "స్మారక" అనే మాటే. అది చదివిన క్షణంలో నాకు కలిగిన ఊరట మాటలలో చెప్పలేను.

బీరువాను కిటికీ ఎదుటి నుంచి జరిపాము. కొత్త చీటీని ఇలా రాశాను, తప్పులుంటే దిద్దగలరు:

"సోవియట్ స్మారక బ్యాడ్జి, అల్యూమినియం. తొలి భారతీయ వ్యోమగామి రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టీ-11 నౌకలో బయలుదేరి, సల్యూత్ 7 అంతరిక్ష కేంద్రంలో ఉండి, ఏప్రిల్ 11న అదే నౌకలో భూమికి తిరిగి వచ్చిన సందర్భానికి గుర్తుగా తయారైనది. ఈ బడి సైన్సు ఉపాధ్యాయులు ఒక పుస్తక ప్రదర్శనలో తమ సొంత డబ్బుతో కొని పిల్లల కోసం ఇచ్చారు. దీని ముందు చాలాకాలం ఉన్న పాత చీటీని చూడాలనుకునేవారు ఉపాధ్యాయులను అడగవచ్చు."


తుంగభద్ర తపాలా (కర్నూలు):

చీటీ బాగుంది. "సొంత డబ్బుతో కొని" అన్న మాట ఉంచినందుకు సంతోషం. ఒక్క దిద్దుబాటు ఉంది. "అదే నౌకలో" అన్నది తీసివేయండి. వారు ముగ్గురూ వెళ్లింది టీ-11లో, తిరిగి వచ్చింది టీ-10లో. సల్యూత్‌లో అప్పటికే ఫిబ్రవరి నుంచి, టీ-10లో వచ్చిన కిజిమ్, సొలొవ్యోవ్, అత్కోవ్ అనే ముగ్గురు ఉన్నారు. సోయుజ్ నౌక కక్ష్యలో కొన్ని నెలలకు మించి నమ్మకంగా నిలవదు కనుక, అతిథులుగా వెళ్లినవాళ్లు పాత నౌకలో దిగి, కొత్త నౌకను అక్కడ ఉండిపోయేవారికి వదిలి రావడం ఆ కార్యక్రమంలో పరిపాటి. కిజిమ్ బృందం అక్టోబరు 2న టీ-11లో దిగింది. ఢిల్లీలోని నెహ్రూ ప్లానెటోరియంలో రాకేశ్ శర్మ దుస్తులతోపాటు ప్రదర్శనకు పెట్టిన నౌక కూడా టీ-10దే. యాత్రలో నిజంగా వెళ్లి వచ్చినది ఎలా ఉంటుందో చూడాలని ఆ అమ్మాయి అడిగితే చూపించవలసినది దానినే. బడి తరఫున ఎప్పుడైనా ఢిల్లీ ప్రయాణం కుదిరితే జాబితాలో రాసుకోండి.


పెన్న ఒడ్డు (తాడిపత్రి):

దిద్దాను. "సోయుజ్ టీ-10లో" అని మార్చి, చీటీని మళ్లీ ఆ అమ్మాయి చేతనే రాయించాను. ఈసారి కింద తేదీ వేయించాను.